చీటీ చెప్పే పేరు, చెక్క చెప్పే వయసు

పిల్లలకు పాత వయొలినో చెల్లోనో కొన్న తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఎప్పుడో ఒకప్పుడు ఒక ప్రశ్న వస్తుంది: "ఇది ఒరిజినలేనా?" ఎవరో టార్చిలైటు తెచ్చి లోపలికి చూస్తారు. అడుగున గోధుమరంగుకు తిరిగిన కాగితం మీద లాటిన్‌లో ఒక గొప్ప పేరు కనబడుతుంది. ఆ సాయంత్రమంతా ఇంట్లో ఆశ. మర్నాడు తెలిసినవాళ్ళను అడిగితే నవ్వు. నిజం కాదు కాబట్టి పనికిరాదని ఆ కాగితం సంగతి అక్కడితో వదిలేస్తాం.

నాకు అభ్యంతరం ఆ వదిలెయ్యడం మీదే. చీటీని గుడ్డిగా నమ్మేవాడూ, అబద్ధమని తెలియగానే దాన్ని మర్చిపోయేవాడూ, ఇద్దరూ చూసేది అందులో ఉన్న పేరునే. కాని పాత వాద్యంలో అంటించిన కాగితాలను ఒక పాఠంగా తీసుకుని చదవవచ్చు. ఏ కాగితం ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరు చదవాలని రాశారు అని అడగవచ్చు. అలా అడిగినప్పుడు అబద్ధపు చీటీ కూడా చాలా నిజాలు చెబుతుంది. అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో అచ్చయిన చీటీ అన్నిటికన్నా తక్కువ నమ్మదగినదనీ, ఎవరూ పట్టించుకోని చిన్న చిన్న రాతల్లోనే ఆ వాద్యం అసలు చరిత్ర ఉందనీ నా వాదన. ఉదాహరణకు డబుల్ బాస్‌ని తీసుకుంటాను.

బాస్ ఎందుకు?

మనలో చాలామందికి డబుల్ బాస్‌తో పరిచయం పిల్లల స్కూలు ఆర్కెస్ట్రా కచేరీల్లోనే. కుడిపక్క, అందరికన్నా వెనక, ఆరడుగుల ఎత్తున్న వాద్యాన్ని కౌగిలించుకుని నిలబడ్డ పిల్లలు ఉంటారే, వాళ్ళ చేతిలో ఉన్నది అదే. నాలుగు తీగలు, అన్నిటికన్నా కిందిస్థాయి స్వరం. విడిగా వినబడడం తక్కువ, లేకపోతే మాత్రం వెంటనే తెలిసిపోతుంది. మా అమ్మాయి ఆరో తరగతిలో వయొలిన్ అడిగితే స్కూల్లో మిగిలింది బాస్ ఒక్కటే. అలా మా ఇంట్లోకి ఆ వాద్యం వచ్చింది. రెండేళ్ళ తర్వాత పిల్ల దాన్ని వదలనంటే, ఒక పాత బాస్ కొన్నాం.

చీటీల చదువుకు బాస్ అనువైన వాద్యం. పైపలకకు రెండు వైపులా ఉండే ఎఫ్ ఆకారపు రంధ్రాలు పెద్దవి. వాటిలోంచి చిన్న అద్దం, దీపం లోపలికి పంపి అన్ని మూలలూ చూడవచ్చు. పెద్ద వస్తువు కాబట్టి తరచు దెబ్బతింటుంది. మెడ విరుగుతుంది, పక్కపలకలు పగులుతాయి, శీతాకాలపు పొడిగాలికి పైపలక చీలుతుంది. అందుకని బాగుచేసినవాళ్ళ రాతలు వయొలిన్‌లో కన్నా బాస్‌లో ఎక్కువ దొరుకుతాయి.

పైగా బాస్‌కి ఒక స్థిరమైన రూపం లేదు. కొన్ని వయొలిన్ ఆకారంలో ఉంటాయి, కొన్ని పాత వయోల్ ఆకారంలో. ఒకప్పుడు మూడు తీగలతో చేసినవాటిని తర్వాత నాలుగు తీగలకు మార్చారు. వాయించేవాడి చెయ్యి అందడం కోసం భుజాలు కోసి చిన్నవి చేశారు. తల ఒకరిది, మొండెం ఒకరిదీ అయిన బాస్‌లు ఎన్నో. ఇలాంటి వస్తువు ముందు "ఇది ఎవరు చేశారు?" అన్న ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు చెప్పడమే కష్టం.

పెద్ద చీటీ

ముందు అందరికీ తెలిసిన చీటీ. ఇటలీలో క్రెమోనా పట్టణానికి చెందిన ఆంటోనియో స్ట్రాడివరి తన వయొలిన్లలో లాటిన్‌లో అచ్చువేసిన చీటీ అంటించేవాడు. తన పేరు, ఊరు, "చేసెను" అన్న క్రియ, సంవత్సరం. సంవత్సరంలో చివరి అంకెలు చేత్తో రాసేవాడు. ఆయన 1737లో చనిపోయాడు. ఆయన చీటీ మాత్రం ఆ తర్వాతే ఎక్కువగా అచ్చయింది. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి జర్మనీలోని మార్క్‌న్యూకిర్షెన్, మిట్టెన్‌వాల్డ్, ఫ్రాన్స్‌లోని మిరెకూర్, బొహీమియాలోని షోన్‌బాఖ్ ఊళ్ళనుంచి లెక్కలేనన్ని వాద్యాలు ఆ చీటీతోనే ప్రపంచమంతటికీ వెళ్ళాయి. అమెరికాలో సియర్స్ రోబక్ లాంటి కంపెనీలు వాటిని కాటలాగుల్లో అమ్మాయి.

దీన్ని మోసం అనాలా? అందరూ అనుకున్నంత తేలిక కాదు ఆ తీర్పు. ఆ కాటలాగు చూసి కొద్ది డాలర్లకు కొన్న రైతు తనకు నిజంగా క్రెమోనా వయొలిన్ వచ్చిందనుకోలేదు. ఆ పేరు అక్కడ నమూనా పేరు. "ఫలానా వారి కొలతల ప్రకారం చేసినది" అని అర్థం. మోసం మొదలయ్యేది తర్వాతి తరంలో. కాటలాగు పోతుంది, తాతగారు పోతారు, చీటీ మాత్రం మిగులుతుంది. ఏ సందర్భంలో రాశారో తెలియనప్పుడు అదే వాక్యం అబద్ధమవుతుంది.

ఇలాంటి చీటీల్లో నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించేది అడుగున ఉండే చిన్న మాట. అమెరికాలో 1890లో వచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం, 1891 మార్చి నుంచి దిగుమతి అయ్యే సరుకు మీద అది ఏ దేశంలో తయారయిందో ఇంగ్లీషులో రాయాలి. దాంతో పైన లాటిన్‌లో స్ట్రాడివరి, క్రెమోనా. కింద ఇంగ్లీషులో "జర్మనీ". రెండూ ఒకే కాగితం మీద! పైమాట కొనేవాడి కోసం, కిందిమాట కస్టమ్స్ అధికారి కోసం. చదివేవాడు మారితే రాతలో నిజాయితీ ఎలా మారుతుందో ఇంతకన్నా చక్కగా చూపించే పాఠం నేను చూడలేదు.

కాబట్టి పాత చీటీలో ముందు చదవాల్సింది పేరు కాదు, దేశం. ఇంగ్లీషులో జర్మనీ అని ఉంటే చాలావరకు 1891 తర్వాతిది. చెకోస్లొవేకియా అని ఉంటే 1918 తర్వాతిదే, ఎందుకంటే ఆ దేశం పుట్టిందే 1918లో. "జర్మనీ, అమెరికన్ జోన్" అని ఉంటే రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఆ దేశం నాలుగు ముక్కలై ఉన్నప్పటిది. చీటీ రాసినవాడు పేరు విషయంలో ఎంత ధారాళంగా ఉన్నా, పుట్టని దేశం పేరు ముందుగా అచ్చువెయ్యలేడు గదా. ఒక వాద్యంలోంచి చీటీ ఊడదీసి మరొకదాంట్లో అంటించే పనులు ఉన్నాయి కాబట్టి, ఈ లెక్కను చెక్క, పనితనం, వార్నిష్‌లతో పోల్చి చూసుకోవాలి. అయినా మొదటి మెట్టు ఇదే.

"పూర్వం ప్రాగ్‌లో"

మా బాస్‌లో ఉన్న పెద్ద చీటీ స్ట్రాడివరిది కాదు. జాన్ జూజెక్, వయొలిన్ మేకర్, ప్రాగ్, మేడిన్ చెకోస్లొవేకియా. అమెరికాలో స్కూళ్ళలో, చిన్న ఆర్కెస్ట్రాల్లో ఈ పేరున్న బాస్‌లు చాలా కనబడతాయి. ఇంతకీ ఆ పేరులో ఎంత నిజముంది?

ఆయన పేరు మొదట యానెక్. అమెరికా మార్కెట్ కోసం జాన్ అయింది. మన వెంకటేశ్వరరావులు వెంకట్‌లూ, సుబ్రహ్మణ్యాలు సుబ్బులూ అయినట్టే. న్యూయార్క్‌లో ఆయన సోదరుడు రాబర్ట్ మెట్రోపాలిటన్ మ్యూజిక్ అనే కంపెనీ ద్వారా ఈ వాద్యాలను దిగుమతి చేసుకునేవాడు. ఇక "వయొలిన్ మేకర్" అన్నది. జూజెక్ ప్రధానంగా వ్యాపారి. ఆయన పేరుతో వచ్చిన వాద్యాల్లో ఎక్కువ భాగం ప్రాగ్‌లో కాదు, జర్మనీ సరిహద్దు పక్కన షోన్‌బాఖ్ చుట్టుపట్ల ఇళ్ళల్లో, చిన్న చిన్న పనిశాలల్లో తయారయ్యాయి. అక్కడ ఒక్కరే మొత్తం వాద్యం చెయ్యడం తక్కువ. ఒక ఇంట్లో తలలు చెక్కేవారు, మరో ఇంట్లో పలకలు తీసేవారు, ఇంకొకరు కూర్చేవారు, మరొకరు వార్నిష్ పూసేవారు. మన పక్క ఒక చీర వెనక నూలు వడికినవారు, రంగులు అద్దినవారు, నేసినవారు వేరువేరుగా ఉండి, పేరు మాత్రం కొట్టుదవుతుంది చూడండి, అలాగన్నమాట.

ఆ ప్రాంతం కథ ఇంకా వెనక్కి వెళుతుంది. పదిహేడో శతాబ్దంలో బొహీమియాలో ప్రొటెస్టంట్ మతస్థులను తరిమినప్పుడు గ్రాస్‌లిట్స్ ఊరినుంచి వచ్చిన వయొలిన్ పనివాళ్ళు సరిహద్దు దాటి శాక్సనీలోని మార్క్‌న్యూకిర్షెన్‌లో స్థిరపడ్డారు. అందులో పన్నెండుమంది కలిసి 1677లో అక్కడ వయొలిన్ పనివాళ్ళ సంఘం స్థాపించారు. రెండు శతాబ్దాల తర్వాత ఆ చిన్న పట్టణం ఎంత సరుకు ఎగుమతి చేసేదంటే, 1893 నుంచి 1916 దాకా అమెరికా ప్రభుత్వం అక్కడ ఒక కాన్సులర్ ఏజెన్సీ నడిపింది.

మళ్ళీ అదే కథ 1945 తర్వాత, ఈసారి ఎదురుదిశలో. యుద్ధం ముగిశాక చెకోస్లొవేకియా తన జర్మన్ పౌరులను, సుమారు ముప్ఫయి లక్షల మందిని, దేశంలోంచి పంపించేసింది. షోన్‌బాఖ్ పేరు లుబీ అయింది. అక్కడి వాద్యాల పనివాళ్ళు తలో దిక్కూ చెదిరిపోయారు. బవేరియాలో ఎర్లాంగెన్ పక్కన బూబెన్‌రోయిట్ అనే ఊరు ఉంది, అప్పటికి కొన్ని వందల జనాభా. 1949లో ఆ ఊరి సభ దాదాపు రెండువేలమంది కాందిశీకులకు చోటివ్వడానికి ఒప్పుకుంది. ఊరివాళ్ళకన్నా వచ్చినవాళ్ళే ఎన్నో రెట్లు. అక్కడ మళ్ళీ వయొలిన్లు, గిటార్లు, బాస్‌లు పుట్టాయి.

ఇదంతా చీటీ మీద ఎలా కనబడుతుంది? యుద్ధం తర్వాత వచ్చిన జూజెక్ చీటీల్లో "మేడిన్ జర్మనీ" అని ఉంటుంది. ఆ పైన, ప్రాగ్ పక్కన, కొత్తగా ఒక చిన్న మాట చేరింది: "పూర్వం". జాన్ జూజెక్, వయొలిన్ మేకర్, పూర్వం ప్రాగ్‌లో. వ్యాపారి దృష్టిలో ఆ మాటకు కారణం ఒక్కటే, పాత ఖాతాదారులు గుర్తుపట్టాలి. కాని ఊరు వదిలివచ్చినవాళ్ళు ఆ మాటను వ్యాపారంగా మాత్రమే చదవలేరు. కొత్తగా పరిచయమైన తెలుగువాళ్ళు "మీది ఏ ఊరండీ?" అని అడిగితే, ముప్ఫయి ఏళ్ళుగా డెట్రాయిట్‌లో ఉన్న మనిషి తెనాలి అంటాడు. ఆయనేమీ అబద్ధం చెప్పడం లేదు. "పూర్వం" అన్న మాట మింగేశాడంతే.

చెక్క ఏం చెబుతుంది?

చీటీలతో విసిగిపోయినవాళ్ళు సైన్సును ఆశ్రయిస్తారు. బాస్, వయొలిన్ పైపలకలు స్ప్రూస్ చెక్కతో చేస్తారు. చల్లని కొండల్లో పెరిగిన స్ప్రూస్ చెట్టు ఏటా ఒక వలయం వేస్తుంది, ఏ ఏడు చలి ఎక్కువైతే ఆ ఏటి వలయం సన్నం. ఆ వెడల్పుల వరుసను ఆల్ప్స్ పర్వతాల్లోని చెట్ల నుంచి తయారుచేసిన వరుసలతో పోలిస్తే, పలకలో చివరి వలయం ఏ సంవత్సరానిదో తెలుస్తుంది.

ఈ పరీక్షకు నిలబడిన బాస్‌లలో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది సెర్గీ కుసెవిట్‌స్కీది. ఆయన 1874లో రష్యాలో పుట్టాడు. బాస్ వాదకుడిగా పేరు తెచ్చుకుని, తర్వాత 1924 నుంచి 1949 దాకా బాస్టన్ సింఫనీకి సంచాలకుడిగా ఉన్నాడు. 1951లో పోయాడు. ఆయన భార్య ఓల్గా ఆ బాస్‌ను 1962లో గారీ కార్ అనే యువకుడికి ఇచ్చేసింది. అప్పుడు కార్‌కు ఇరవయ్యేళ్ళు. న్యూయార్క్ టౌన్‌హాల్‌లో అతని తొలి కచేరీ విని, అతని పక్కన తన భర్తను చూసినట్టు ఆమెకు అనిపించిందని కథ. ఆ బాస్‌ను క్రెమోనాలో అమాతి సోదరులు 1611లో చేశారని ప్రపంచమంతా నమ్మింది. కార్ దాదాపు నలభయ్యేళ్ళు దానిమీద వాయించి, బాస్‌ను ఒంటరి కచేరీ వాద్యంగా నిలబెట్టి, చివరికి తాను 1967లో స్థాపించిన అంతర్జాతీయ బాస్ వాదకుల సంఘానికి దాన్ని ఇచ్చేశాడు.

హెన్రీ గ్రిస్సినో-మేయర్, ఆయన సహచరులు ఆ పైపలక వలయాలను కొలిచి 2005లో ఫలితాలు ప్రచురించారు. పలకలో 317 వలయాలు, 1445 నుంచి 1761 దాకా. అంటే 1761లో ఆ చెట్టు ఇంకా అడవిలో నిలబడే ఉంది. 1611లో చేసిన బాస్‌కి 1761 నాటి చెక్క ఉండడానికి వీల్లేదు. అమాతి సోదరుల్లో ఆంటోనియో 1607లో, జిరోలమో 1630లో చనిపోయారు.

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించాలి. ఆంటోనియో పోయింది 1607లో. ఇద్దరి పేర్లూ ఉన్న చీటీ మాత్రం ఆ తర్వాత కూడా రెండు దశాబ్దాలకు పైగా ఆ పనిశాలనుంచి వస్తూనే ఉంది. అంటే నూటికి నూరుపాళ్ళూ నిజమైన అమాతి వాద్యంలో, నిజమైన చీటీ మీద కూడా, 1611లో ఒక పేరు చనిపోయిన మనిషిది. "అసలు చీటీ" అని మనం వెతికేది కూడా ఒక కొట్టు పేరే, ఒక మనిషి సాక్ష్యం కాదు.

మరో ఉదాహరణ "మెసయ్య" అనే వయొలిన్. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. చీటీ స్ట్రాడివరిది, సంవత్సరం 1716. అది పంతొమ్మిదో శతాబ్దపు నకలు అని 1990లలో గట్టి వివాదం లేచింది. వలయాలు చూస్తే చివరిది 1680ల నాటిది. అంటే 1716తో తగాదా లేదు. అయితే అంతమాత్రాన స్ట్రాడివరే చేశాడని ఋజువైనట్టా? కాదు. పాత చెక్క తరువాతి మనిషికి కూడా దొరుకుతుంది. చెక్క ఒక తేదీని కొట్టెయ్యగలదు, ఒక పేరును నిలబెట్టలేదు. చీటీని వదిలి చెక్కను పట్టుకున్నవాళ్ళు ఈ పరిమితిని తరచు మర్చిపోతారు. మన సాహిత్యంలో క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అన్న వాదం తెలిసినవాళ్ళకు ఈ చిక్కు కొత్తది కాదు. భాష కాలాన్ని చెప్పగలదేమో గాని, ఆ కాలంలో బతికిన ఇద్దరిలో ఎవరన్నది దానంతట అది తేల్చదు.

ఇక కార్ బాస్ విషయం. పేరు పోయింది, వయసులో నూట యాభయ్యేళ్ళు తగ్గాయి. దానిమీద చేసిన రికార్డింగుల్లో ఒక్క స్వరం కూడా మారలేదు. అంతేకాదు, ఆ బాస్ గురించి ఖాయంగా తెలిసినదంతా చేతులు మారిన కథే: కుసెవిట్‌స్కీ, ఓల్గా, కార్, సంఘం. అందుకే దాన్ని ఇప్పుడు అమాతి బాస్ అనకుండా కార్-కుసెవిట్‌స్కీ బాస్ అంటున్నారు. ఇది ఓదార్పు పేరు కాదు, సరైన పేరు. అలాగే వెనిస్‌నుంచి 1794లో లండన్ వలస వెళ్ళి 1846లో అక్కడే చనిపోయిన డ్రాగొనెట్టి తన బాస్‌ను వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చికి చెందాలని వీలునామాలో రాశాడు. చేసినవాడుగా చెప్పే గాస్పరో ద సలో పేరు కన్నా, ఆ వీలునామా వాక్యం చరిత్రకారుడికి గట్టి ఆధారం.

చిన్న చీటీలు

మా బాస్‌కి వస్తాను. జూజెక్ చీటీ కాక దాంట్లో మరో నాలుగు రాతలున్నాయి. ఒకటి, మెడ కింద దిమ్మ మీద అంటించిన చిన్న కాగితం. సిరాతో "మెడ తిరిగి అతికించాను, ఒహాయో, మార్చి 1953", కింద చదవడానికి వీల్లేని పొడి అక్షరాల సంతకం. రెండోది, పక్కపలక మీద స్కూలు వాళ్ళు తెల్లరంగుతో వేసిన నంబరు. మూడోది, పైపలక అడుగున పెన్సిలు రాత. మేము పగులు అతికించడానికి పలక తెరిపించినప్పుడే అది బయటపడింది: "బాస్‌బార్ కొత్తది, 1978". నాలుగోది కాన్వాసు కవరు జేబులో దొరికిన కార్డు. ఎవరెవరు ఇంటికి తీసుకెళ్ళారో 1961 నుంచి 1974 దాకా పదకొండు పేర్లు, పదకొండు రకాల పిల్లల దస్తూరీలు. చివరి పేరు పక్కన టీచరు ఎర్రసిరాతో రాసింది: "విల్లు వెనక్కి ఇవ్వలేదు."

ఈ నాలుగిట్లో ఒక్కటీ కొనేవాడిని ఉద్దేశించి రాసింది కాదు. సంతకం చేసినవాడు తన పనికి తాను జవాబుదారీ పడ్డాడు. పెన్సిలుతో రాసినవాడు మళ్ళీ పలక తెరిచే మరో పనివాడికోసం రాశాడు, ఎన్నేళ్ళకు తెరుస్తాడో తెలియకుండానే. నంబరు వేసినవాళ్ళకు వస్తువు పోకూడదు, టీచరుకు విల్లు రావాలి. గొప్పలు చెప్పుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. చరిత్రకు ఇలాంటి సాక్షులు కావాలి. పెద్ద చీటీలో వ్యాపారి పేరు తెలుస్తుంది. చిన్నవాటిలో అది 1953లో ఏ రాష్ట్రంలో ఉందో, ఎప్పుడు విరిగిందో, ఎవరు బాగుచేశారో, ఎంతమంది పిల్లలు దానిమీద మొదటి స్కేలు నేర్చుకున్నారో తెలుస్తుంది.

మా అమ్మాయి కాలేజీకి వెళ్ళాక బాస్‌ను అమ్మవలసి వచ్చింది. విలువ కట్టించడానికి తీసుకెళ్ళిన చోట ఒకాయన చాలా మర్యాదగా ఒక సలహా ఇచ్చాడు. పనితనం బాగుంది, వార్నిష్ పాతగా కనబడుతోంది. ఆ జూజెక్ చీటీ లేకపోతే "పంతొమ్మిదో శతాబ్దపు బొహీమియా పని" అని రాయవచ్చు, ధర దాదాపు రెట్టింపవుతుంది. చీటీ ఊడదియ్యడానికి గోరువెచ్చని నీళ్ళు, పది నిమిషాలు చాలు. "మీరు అబద్ధమేమీ చెప్పక్కర్లేదు" అన్నాడు. "చెప్పకుండా ఊరుకుంటే చాలు."

అప్పుడు కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల. ఆ రెట్టింపు ధర మాకు అక్కర్లేని డబ్బు కాదు. ఇంట్లో రెండు రోజులు చర్చ జరిగింది. ఆయన మాటలో ఉన్న తర్కాన్ని నేను తేలిగ్గా కొట్టెయ్యలేను కూడా. ఆ చీటీ చెప్పేది పూర్తి నిజం కాదని ఇంతసేపూ నేనే రాశాను గదా! ప్రాగ్ కాదు, మేకర్ కాదు, జాన్ కూడా కాదు. అలాంటి కాగితాన్ని తీసేస్తే నష్టమేమిటి?

నష్టముంది. చీటీ మీద ఉన్న పేరు సగం అబద్ధమైనా "చెకోస్లొవేకియా" అన్న మాట నిజం. ఆ మాట తీసేస్తే ఆ బాస్ 1918కి ముందుకు జారిపోతుంది. దాంతో షోన్‌బాఖ్‌లో దాన్ని చేసిన పేరులేని మనుషులు, వాళ్ళ కాలం, వాళ్ళకు ఆ తర్వాత పట్టిన గతి, అన్నీ చెరిగిపోతాయి. తల చెక్కినవాడి పేరు ఎప్పుడూ ఎక్కడా రాయలేదు. అతను బతికిన కాలానికి మిగిలిన ఒకే గుర్తు వ్యాపారి అంటించిన ఆ కాగితం. చేర్చిన అబద్ధాన్ని తర్వాతివాళ్ళు పరీక్షించి పట్టుకోవచ్చు, పట్టుకున్నారు కూడా. తీసేసిన సగం నిజాన్ని ఎవరూ తిరిగి అంటించలేరు. తాళపత్ర గ్రంథం చివరి ఆకు చించేసినవాడు ఒక్క తప్పుడు అక్షరం కూడా రాయలేదు. అయినా ఆ గ్రంథం ఎవరిదో, ఏ కాలానిదో తెలియకుండా పోయింది అతని వల్లనే.

మేము చీటీ ఉంచే అమ్మాం, దానికి వచ్చే ధరకే. కొన్నది ఒక హైస్కూలు పిల్లవాడి కుటుంబం. కార్డు, ఒహాయో కాగితం ఫోటోలు, పెన్సిలు రాత ఫోటో ఒక కవరులో పెట్టి ఇచ్చాం.

మన పెట్టెల్లోకి

ఇక ఈ చదువు మనకెందుకు అంటారా. ఇండియానుంచి వచ్చిన పాత వస్తువులు మన ఇళ్ళల్లో చాలా ఉన్నాయి. మద్రాసులో కొన్న వయొలిన్లు, తాతల నాటి హార్మోనియాలు, తంబురాలు. వాటి గురించి మన పిల్లలకు మనం చెప్పేది సాధారణంగా పెద్ద చీటీ కథ. ఇది ఫలానా విద్వాంసుడు ముట్టుకున్నది, ఇది జర్మనీదట, దీనికి వందేళ్ళు. వింటున్న పిల్లలు అమెరికాలో పుట్టినవాళ్ళు, ఋజువేది అని అడుగుతారు. ఋజువు లేదని తేలగానే కథతోపాటు వస్తువును కూడా గరాజ్ సేల్‌లో పెట్టేస్తారు. తప్పు వాళ్ళది అనను. నిలబడని కథ చెప్పింది మనం.

చిన్న చీటీ కథ అయితే నిలబడుతుంది. ఏ ఊళ్ళో ఎప్పుడు కొన్నారు, రశీదు ఉందా, తీగలు ఎక్కడ మార్పించారు, ఓడలో వచ్చిందా విమానంలో వచ్చిందా, ఎక్కడ పగిలింది, ఎవరు అతికించారు, ఎవరు నేర్చుకున్నారు, ఎవరు మధ్యలో మానేశారు. ఇవన్నీ తెలిసిన మనిషి ప్రతి ఇంట్లో ఒక్కరుంటారు, సాధారణంగా అందరికన్నా పెద్దవయసు వాళ్ళు. వాళ్ళు ఉండగానే అడిగి, ఒక చిన్న కాగితం మీద, ఆమ్లం లేని కాగితమైతే మరీ మంచిది, తేదీతో సహా రాసి వస్తువు దగ్గరే పెట్టండి. సిరా వెలిసిపోతుంది, పెన్సిలు నిలుస్తుంది. మా బాస్‌లో 1953 నాటి సంతకం చదవలేకపోయాం, 1978 పెన్సిలు రాత మాత్రం నిన్న రాసినట్టుంది. వాద్యం మరమ్మతుకు ఇచ్చినప్పుడు, బాగుచేసినవాడిని లోపల తేదీ వేసి సంతకం పెట్టమని అడగండి. మంచి పనివాళ్ళు సంతోషంగా పెడతారు.

లోపల ఇప్పటికే ఉన్న చీటీ అబద్ధమని మీకు తెలిసినా దాని జోలికి పోకండి. దాని పక్కన మీ చీటీ అంటించండి.